ముద్ద పెట్టే తీరు

నౌపడ అనగానే ఉప్పు మడులు గుర్తొస్తాయి. ఆ ఉప్పు పసిబిడ్డ గిన్నెలోకి మాత్రం తొందరపడి రాకూడదు. ఏడాది నిండేదాకా ఉప్పు, రెండేళ్లు నిండేదాకా పంచదార కలపనక్కర్లేదు. చప్పగా ఉందన్న బెంగ మనదే, బిడ్డది కాదు.

ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు మెత్తని తిండి మొదలుపెట్టాలి. ఉత్త పప్పుకట్టుతో కడుపు నిండుతుంది గానీ బలం రాదు. చోడి జావ చెంచా వంచినా ఇట్టే జారిపోనంత చిక్కగా కాచండి. పప్పన్నంలో మునగాకు, కాస్త నూనె వేసి మెదపండి. గుడ్డు, ముల్లు తీసిన చేప కూడా పెట్టొచ్చు.

ఏం పెట్టామన్నది ఎంత ముఖ్యమో, ఎలా పెట్టామన్నదీ అంతే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ జిల్లాలో 60 పల్లెల్లో 600 మంది తల్లీబిడ్డలతో ఈ సంగతి పరీక్షించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. ఇంటికొచ్చి తిండి గురించి చెప్పినచోట బిడ్డల ఆహారం మెరుగైంది. ఆకలి సైగలు గమనించి తినిపించడం, ఆడించడం కూడా నేర్పినచోట బిడ్డల బుద్ధి వికాసమూ మెరుగైంది.

బిడ్డ మొహం తిప్పుకుంటే ఆపండి. ముక్కు మూసి, ఫోను చూపించి కుక్కకండి. కొత్త కూర ఈరోజు ఉమ్మేస్తే నాలుగు రోజులాగి మళ్లీ పెట్టండి. అలవాటు కావడానికి చాలాసార్లు పడుతుంది. ఏడుపు మాన్పడానికి బిస్కెట్ పొట్లం ఇవ్వడమే మన ఇళ్లలో అసలు చిక్కు. నాయనమ్మలూ, తాతలూ, ఈ మాట ముఖ్యంగా మీకే! తిండి సరిపోతోందో లేదో తెలియడానికి ఈ నెల అంగన్‌వాడీలో మనవడి బరువు మీరే దగ్గరుండి తూయించండి.