యాపిల్ తోటలకు నిప్పు తెగులు

అగ్గి తెగులు అనగానే మన రైతులు వరిచేనును తలంతురు. అది శిలీంధ్రము వలన కలుగును. మనమిప్పుడు ముచ్చటింపనున్నది యాపిల్, బేరి చెట్లను మాడ్చెడి వేరొక తెగులు. ఆంగ్లమున దీనిని ఫైర్ బ్లైట్ అందురు.

వసంతమున నిండుగ పూచిన చెట్టు కొలది దినములలోనే నిప్పు సోకినట్లు నల్లబడును. లేత రెమ్మల కొనలు కొంకివలె వంగును. ఆకులు మాడియు రాలక వ్రేలాడుచుండును. బెరడునుండి జిగట ద్రవము స్రవించును.

అమెరికాలోని హడ్సన్ నదీలోయ తోటలలో ఈ తెగులు 1780 ప్రాంతమున కనబడినది. దాదాపు నూరేండ్లు దీని కారణము తేలలేదు. పురుగని కొందరు, వాతావరణ దోషమని కొందరు వాదించిరి. 1878లో ఇల్లినాయ్‌కి చెందిన ఆచార్య థామస్ బరిల్ మాడిన కొమ్మలలో బాక్టీరియాను సూక్ష్మదర్శినిలో చూచెను. పిమ్మట ఆ ద్రవమును మంచి చెట్లలో ప్రవేశపెట్టగా వానికిని తెగులు సోకినది. మనుష్యులకును పశువులకును వలెనే మొక్కలకును బాక్టీరియా వలన వ్యాధి కలుగునని లోకమునకు ఇట్లు తెలియవచ్చినది.

1891లో మెర్టన్ వెయిట్ అను శాస్త్రజ్ఞుడు మరియొక చిక్కును బయటపెట్టెను. పూవునుండి పూవునకు ఈ బాక్టీరియాను తేనెటీగలును మోయుచున్నవి! తేనెటీగ రానిచో కాయ నిలువదు. వచ్చినచో తెగులు భయము. తోటమాలి ఎవరిని తరుమవలెను?

అతనికి మిగిలినది కత్తి. మాడినంతమేర కోసిన చాలదు. పచ్చగ కనబడు భాగములోనికిని బాక్టీరియా అప్పటికే ప్రాకియుండును. అందుచే అడుగు దిగువన మంచి కొమ్మనే కోసి, కాల్చివేయవలెను. 1950 తరువాత క్షయకు వాడెడి స్ట్రెప్టోమైసిన్‌ను పూతపై చల్లసాగిరి. కాని 1971లో కాలిఫోర్నియా బేరి తోటలలో ఆ మందునకు లొంగని బాక్టీరియా బయల్పడినది.

1957లో ఈ తెగులు ఇంగ్లండు చేరినది. అటుపిమ్మట ఐరోపాయందు వ్యాపించినది. ఈ శతాబ్దమున కజకస్తానమునకును ప్రాకినది. మనము తినెడి యాపిల్‌కు పుట్టినిల్లు అచ్చటి కొండలయందలి అడవి యాపిల్ వనములే. కొత్త రకములను రూపొందించువారికి అవి విత్తనపు గాదెల వంటివి. గాదెకే నిప్పంటుకొనినచో రేపటి విత్తనమెక్కడిది?

పరదేశమునుండి వచ్చునపుడు ముచ్చటపడి ఒక అంటుకొమ్మను పెట్టెలో దాచి తెచ్చువారు మనలోను కలరు. రేవులలోను, విమానాశ్రయములలోను అధికారులు దానిని అడ్డగించిన మనకు కోపము వచ్చును. కాని పచ్చగ కనబడు కొమ్మలో ఏమి దాగియున్నదో మన కంటికి తెలియదు. బరిల్ మనకు నేర్పిన పాఠమిదియే.