ఫోన్ ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేస్తే నిజంగా స్పీడ్ పెరుగుతుందా? నా ఫోన్‌కి ఏమైందో చెప్తా వినండి

నేను వడమాలపేట నుంచి మాట్లాడుతున్నా. ఈ మధ్య మా ఊరి పిల్లకాయలు కనపడితే చాలు, "అన్నా, గేమ్ ల్యాగ్ అవుతోంది, ప్రాసెసర్ స్పీడ్ పెంచొచ్చంట కదా, నేర్పించు" అంటున్నారు. పెంచొచ్చు. నేనూ ఒకప్పుడు పెంచినా. అందుకే ఈ వీడియో.

ముందు అసలు ఓవర్‌క్లాక్ అంటే ఏందో చూద్దాం. ప్రాసెసర్ తాళం ప్రకారం పనిచేస్తుంది. 1 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి 100 కోట్ల దెబ్బలు. మన జిల్లా ఫోన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 2015 ఆగస్టులో షావోమీ విడుదల చేసిన రెడ్‌మీ 2 ప్రైమ్‌ని శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో బిగించినారు. అందులో ఉండేది స్నాప్‌డ్రాగన్ 410, స్పీడ్ 1.2 గిగాహెర్ట్జ్. అంటే సెకనుకి 120 కోట్ల దెబ్బలు. కంపెనీ పెట్టిన ఈ హద్దుని దాటించడమే ఓవర్‌క్లాకింగ్.

అప్పట్లో నా దగ్గరున్నది కూడా 1.2 ఫోనే. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదు, నాది. ఇంటర్ సెలవులు. ఇంట్లో ఉన్న స్మార్ట్‌ఫోన్ అదొక్కటే. పగలు మా నాయన వాడతాడు, రాత్రి నేను గేమ్ ఆడతా. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసినా, రూట్ చేసినా, ఎవరో తయారుచేసిన కెర్నల్ ఎక్కించి 1.5కి పెట్టేసినా. మొదటి పది నిమిషాలు గేమ్ భలే పరిగెత్తింది. బెంచ్‌మార్క్ స్కోర్ చూసుకుని మురిసిపోయినా.

పదకొండో నిమిషం నుంచి ముందుకన్నా స్లో!

ఎందుకో చూడండి. దెబ్బలు వేగంగా పడాలంటే, ఒక్కో దెబ్బలో పని అయిపోవాలంటే, వోల్టేజి కూడా పెంచాల. ఇక్కడే ఉంది అసలు లెక్క. ప్రాసెసర్ తినే కరెంటు స్పీడ్‌తో పాటు పెరుగుతుంది, వోల్టేజితో అయితే వర్గం లెక్కన పెరుగుతుంది. స్పీడ్ 25 శాతం, వోల్టేజి 10 శాతం పెంచినామనుకోండి. 1.25ని 1.1తో రెండుసార్లు గుణిస్తే సుమారు 1.51. స్పీడ్ పెరిగింది పావు వంతు, కరెంటు పెరిగింది సగం! ఆ కరెంటంతా చివరికి వేడే. కంప్యూటర్‌కైతే ఫ్యాన్ ఉంటుంది. మన ఫోన్‌కి ఏముంది? వెనకాల డబ్బా, దాని మీద ఇంకో కవర్.

వేడెక్కగానే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించేస్తుంది. దాన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. చల్లటి ఊర్లో ఏమోగానీ, మే నెలలో మన తిరుపతి పక్క 42, 43 డిగ్రీలు కాసే ఎండలో ఆ వేడి యాడికి పోతుంది? అంటే మనకి అడ్డం ప్రాసెసర్ స్పీడ్ కాదప్పా, వేడి. నేను దానికే ఇంకా మంట పెట్టినా.

ఇంకో మాట. ఫాక్టరీలో ఒకే అచ్చులో వచ్చిన చిప్‌లన్నీ ఒకే రకంగా ఉండవు. ఒకటి 1.5 తట్టుకుంటుంది, ఇంకొకటి 1.3కే తడబడుతుంది. తడబడిందంటే లెక్క తప్పుతుంది. యాప్ ఆగిపోతుంది, ఫోన్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, ఒక్కోసారి ఫైళ్ళే పాడైపోతాయి. పెద్ద కంపెనీలే ఎంత జాగ్రత్తగా ఉంటాయో చూడండి. 2023లో గెలాక్సీ ఎస్23లో స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2 స్పీడ్‌ని 3.2 నుంచి 3.36కి పెంచినారు. అంటే 5 శాతం! ల్యాబులు, ఇంజనీర్లు ఉన్నోళ్ళు 5 పెంచితే, మంచం మీద పడుకుని నేను 25 పెంచినా.

తర్వాత ఏమైందంటే, జూన్‌లో మా తోటలో తోతాపురి కోత. సాయంత్రం కూలోళ్ళకి డబ్బులు వేయాల. నాయన ఫోన్ తీస్తే బ్యాంకు యాప్ తెరుచుకోలేదు. రూట్ చేసిన ఫోన్‌లో చాలా బ్యాంకు యాప్‌లు పనిచెయ్యవు, ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు. సరిచేద్దామని నేను తీసుకుంటే ఫోన్ ఆఫ్ అయి, లోగో దగ్గరే తిరుగుతా ఉండిపోయింది. వెనక మూత కొంచెం లేచి ఉంది. వేడికి బ్యాటరీ లోపల గ్యాస్ చేరి ఉబ్బింది. నాయన పట్టుకుని చూసి, "ఏంరా అబ్బోడా, ఫోన్‌ని పొయ్యి మీద పెట్టినావా?" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. పక్కింటాయన దగ్గర చేబదులు తెచ్చి కూలి ఇచ్చినాడు. ఎప్పుడూ ఎవరినీ అడగని మనిషి, నా గేమ్ కోసం అడిగినాడు. ఫోన్ పోయినదానికంటే అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మరుసటి రోజు పుత్తూరులో రిపేరు చేసే అన్న దగ్గరికి పోతే, "బాగా ఉబ్బినాక చార్జింగ్ పెట్టుంటే మంట వచ్చేది" అన్నాడు. బ్యాటరీ ఉబ్బితే గుచ్చొద్దు, నొక్కొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. ఆఫ్ చేసి షాపుకి తీసుకుపోండి.

మరి స్పీడ్ కావాలంటే? చార్జింగ్ పెట్టి గేమ్ ఆడొద్దు. ఆడేటప్పుడు కవర్ తీసేయండి. గ్రాఫిక్స్ ఒక మెట్టు తగ్గించండి. స్టోరేజ్ నిండిపోతే కొంచెం ఖాళీ చేయండి. ఎండలో, బైక్ మీద హోల్డర్‌లో పెట్టి వదిలేయొద్దు. ఇక "ఒక్క ట్యాప్‌తో స్పీడ్ డబుల్" అనే యాప్‌లు ఉన్నాయి చూడండి, రూట్ లేకుండా అవి ప్రాసెసర్ స్పీడ్‌ని ముట్టుకోలేవు. వెనకాల నడిచే యాప్‌లని మూసి, మీకు యాడ్‌లు చూపిస్తాయి, అంతే.

అయినా నేర్చుకోవాలని ఉందా? ఉండాల కూడా. వాడకుండా మూల పడేసిన పాత ఫోన్ మీద నేర్చుకోండి. అందులో సిమ్ ఉండకూడదు, బ్యాంకు ఉండకూడదు, ముఖ్యంగా అది ఇంట్లో ఇంకొకరికి అవసరమైన ఫోన్ అయ్యుండకూడదు. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే మామూలుగా ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే బ్యాకప్ తీసుకోండి. వేడి తగ్గించే థ్రాట్లింగ్‌ని మాత్రం ఎవరు చెప్పినా ఆపొద్దు.

సరే ఫ్రెండ్స్, మీ ఇంట్లో గేమ్ ఆడే తమ్ముడుంటే ఈ వీడియో వాడికి పంపండి. మళ్ళీ కలుద్దాం. ఉంటా మరి.