బియ్యం ఉన్నాయి, పేరే లేదు

పాటలూ ఆటలూ అయ్యాక ఉపన్యాసం అంటే మీకెలా ఉంటుందో నాకు తెలుసు. భోజనాల వేళ కూడా అవుతోంది. అందుకే తిండి గురించే మాట్లాడతాను. ఆపద వచ్చినప్పుడు సర్కారు ఇచ్చే తిండి మనదాకా ఎలా వస్తుంది, ఒక్కోసారి ఎందుకు రాదు, ఈ ఒక్క సంగతే చెబుతాను.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వాన మీరెవరూ మరిచిపోయి ఉండరు. బుడమేరు పుట్టేది మన మైలవరం కొండల్లోనే. జి.కొండూరు మండలంలో దాని మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. నీళ్లు పోయి విజయవాడలో సింగ్‌నగర్‌ని ముంచాయి. హెలికాప్టర్ల నుంచి, డ్రోన్ల నుంచి అన్నం పొట్లాలు దించడం టీవీల్లో అందరం చూశాం. ఆ తర్వాత ప్రభుత్వం ముంపు ఇళ్లకు సరుకులు ఇచ్చింది. ఇంటికి 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, కిలో పంచదార, లీటరు నూనె, రెండు కిలోల ఉల్లిపాయలు, రెండు కిలోల బంగాళదుంపలు.

ఇక్కడొక తేడా గమనించండి. పొట్లం ఇచ్చేటప్పుడు ఎవరూ పేరు అడగరు. చెయ్యి చాపితే ఇస్తారు. నీళ్లు కాస్త తీశాక లెక్క మొదలవుతుంది. ఏ ఇల్లు? ఎంతమంది? కార్డు ఏది? ఆధార్ ఏది? ఆ లెక్కకు ఆధారం వరద రోజున పుట్టదు. ఎండ కాసిన రోజుల్లో, ఎవరికీ తొందర లేనప్పుడు రాసిపెట్టిన జాబితా అది. అందులో లేనివాడు ఆపద రోజున కొత్తగా ఎక్కాలంటే చాలా కష్టం.

కరోనా కాలం దీనికి గట్టి రుజువు. 2020 ఏప్రిల్ నుంచి ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ అన్న యోజన కింద మనిషికి నెలకు 5 కిలోలు అదనంగా, ఉచితంగా ఇచ్చారు. కార్డులో పేరున్నవాళ్లకు అవి అందాయి. మరి కార్డు లేని వలస కూలీల మాటేమిటి? వాళ్ల కోసం ఆ మే నెలలో కేంద్రం విడిగా 8 లక్షల టన్నులు కేటాయించింది. 8 కోట్ల మందికి, రెండు నెలలపాటు, మనిషికి 5 కిలోల చొప్పున అన్నమాట. చివరికి జనం చేతికి చేరింది అందులో మూడో వంతు దగ్గరే. గోడౌన్లో బియ్యం లేక కాదు. ఎవరికివ్వాలో చెప్పే కాగితం లేక.

ఆ ఏప్రిల్‌లోనే ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఆదివాసీ పిల్ల ఒకతి, పన్నెండేళ్లది, తెలంగాణలో మిర్చి కోతకు వచ్చి, లాక్‌డౌన్‌లో పని పోయి, వందకు పైగా కిలోమీటర్లు నడిచి, ఇంటికి కాస్త దూరంలో ఉండగా చనిపోయింది. నందిగామ, జగ్గయ్యపేట మిరప చేలల్లో కోతలకు వెళ్లేవాళ్లకు ఆ పిల్ల ఎవరో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళదాం. లంబాడీ తాతల గురించి పాటల్లో వింటారు కదా, వాళ్లు చేసిన పనేమిటో తెలుసా? రైలు రాక ముందు ఎద్దుల మీద పెరికెలు వేసి సముద్రం ఒడ్డు నుంచి ఉప్పును లోపలి దేశానికి, అక్కడి ధాన్యాన్ని ఇటుకు మోసింది వాళ్లే. కరువు సీమకు గింజలు చేరాలంటే బంజారా మందే రావాలి. 1889లో హైదరాబాద్ నుంచి బెజవాడ దాకా రైలు పడింది. ఎద్దు మోసే బరువును బండి మోసేసింది. దేశానికి గింజలు మోసినవాళ్లు తర్వాత గింజల కోసం వరసలో నిలబడ్డారు. నాకు ఇది తలచుకుంటే కోపమే వస్తుంది, మీకెలా ఉంటుందో తెలియదు.

ఆ రోజుల్లో సర్కారు సాయం ఎలా ఉండేదో కూడా వినండి. 1832-33 నందన కరువులో కృష్ణకు ఆవల గుంటూరు జిల్లాలో సుమారు మూడో వంతు జనం పోయారు. 1876-78 ధాత కరువులో మద్రాసు రాజధాని కరువు శిబిరాల్లో రోజంతా మట్టి మోస్తే ఇచ్చింది పౌను గింజలూ, పైన కాసిని డబ్బులూ. పౌనంటే అరకిలో కూడా కాదు. అది దయ పేరుతో పెట్టిన కూలి. హక్కు అన్న మాటే లేదు.

ఆ మాట రావడానికి చాలా కాలం పట్టింది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టారు. 2001లో ఆహార హక్కు మీద పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2003లో కోర్టు ఆదిమ తెగల కుటుంబాలకు, దిక్కులేని వితంతువులకు, వృద్ధులకు, వికలాంగులకు అంత్యోదయ కార్డు ఇవ్వమంది. సుగాలీలు, యానాదులు, ఎరుకలు ఆదిమ తెగల జాబితాలో లేరు కనుక ఆ మాట మనకు వర్తించదు. కానీ మిగిలిన మాటలు వర్తిస్తాయి. మన పేటల్లో ఒంటరి ముసలమ్మలు లేరా? అంత్యోదయ అంటే కార్డుకు నెలకు 35 కిలోలు. మామూలు కార్డయితే మనిషికి 5 కిలోలు. ఒక్కతే ఉన్న అవ్వకు 5 ఎక్కడ, 35 ఎక్కడ!

2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. ఈ చట్టం కింద ఇచ్చే బియ్యం 2023 జనవరి నుంచి పూర్తిగా ఉచితం. కార్డులో కుటుంబ పెద్దగా 18 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పెద్దావిడ పేరుండాలని చట్టమే చెప్పింది. ఇవ్వాల్సిన బియ్యం ఇవ్వకపోతే దాని బదులు భత్యం ఇవ్వాలని కూడా రాసింది. ఫిర్యాదుకు జిల్లా అధికారి ఉన్నారు, పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది, 1967 నంబరు ఉంది. ఒక లోపం మాత్రం ఉంది. ఏ రాష్ట్రంలో ఎంతమందికి ఇవ్వాలన్నది 2011 జనాభా లెక్కల మీదే నిలిచిపోయింది. ఆ తర్వాత పుట్టినవాళ్లంతా ఆ పాత లెక్కలోనే ఇరుక్కోవాలి.

మనది ఏజెన్సీ కాదు, ఇది మరవకండి. పాడేరులో, అరకులో గిరిజన సహకార సంస్థ డిపోలు ఉంటాయి, ఐటీడీఏ ఉంటుంది. మైలవరంలో మనం మైదాన గిరిజనులం. ఊళ్లో అందరితోపాటే, అదే డీలరు దగ్గర, అదే సచివాలయంలో. మన కోసం ప్రత్యేకంగా ఎవరూ వెతుక్కుంటూ రారు.

పేర్లు ఎక్కడ జారిపోతాయో చూడండి. పెళ్లయిన పిల్ల పేరు పుట్టింటి కార్డులోంచి తీసేస్తారు, అత్తింటి కార్డులో ఎక్కదు. ఇటుక బట్టీలో పుట్టిన యానాది బిడ్డకు జనన ధ్రువపత్రం ఉండదు, ఆధార్ ఉండదు. మిరపకాయలు తొడిమలు తీసి తీసి వేళ్లు అరిగిపోయిన అమ్మ ముద్ర మెషిన్ మీద పడదు. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు మనిషి డయాలసిస్‌కి పోయిన రోజునే డిపో తెరుస్తారు. 65 దాటినవాళ్లకు, వికలాంగులకు ఇంటికే తెచ్చివ్వాలని ఇప్పుడు నిబంధన ఉంది. అడిగేవాళ్లుంటేనే అది నడుస్తుంది.

ఇంకో సంగతి. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం చేసుకుంటాం కదా. 2019లో సరిగ్గా అదే రోజున ఆంధ్ర, తెలంగాణల మధ్య కార్డు ఎక్కడైనా చెల్లే పద్ధతి మొదలైంది. దేశంలో మొదటి రెండు జతల రాష్ట్రాల్లో మనదొకటి, రెండోది గుజరాత్, మహారాష్ట్ర. జగ్గయ్యపేట దాటి కోదాడ వైపు పనికి పోయినా అక్కడి షాపులో మన బియ్యం తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక నెలలకు నెలలు వదులుకున్నవాళ్లున్నారు.

కోటా బియ్యాన్ని కిలో పదికో పన్నెండుకో అమ్ముకునే సంగతి కూడా దాచుకోవద్దు. ఆ బియ్యం రుచించక కొందరు, చేతిలో డబ్బు లేక ఎక్కువమంది అమ్ముతున్నారు. నేను వాళ్లను తిట్టను. జొన్న బాటి తిని పెరిగిన ఇళ్లకు బియ్యమొక్కటే ఇస్తే అలాగే ఉంటుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లు పడావు భూముల్లో జొన్న పండించి, ఊళ్లో ఎవరు ఎక్కువ పేదలో అందరి ముందూ తామే తేల్చి, ఆ జొన్నలు తక్కువ ధరకు పంచుకున్నారు. జాబితా ఊరే రాసుకుంది!

అమెరికాలో పేదలకు ఫుడ్ బ్యాంకులున్నాయి. 1981 నుంచి అక్కడి ప్రభుత్వం మిగులు సరుకును అత్యవసర సాయంగా ఇస్తోంది. ఇలాంటిదే గిరిజనుల కోసం ఇక్కడా ఒకటి ఉండేది. 1996-97లో కేంద్ర ప్రభుత్వం గ్రామ ధాన్య బ్యాంకుల పథకం పెట్టింది. ముప్పై నలభై కుటుంబాలకొక గింజల గది, కుటుంబానికి క్వింటాలు దాకా. అవసరానికి అప్పుగా తీసుకుని, పంట వచ్చాక గింజలే తిరిగి పోయాలి. మన పాత గాదె, పాతరల పద్ధతే ఇది. 2004లో దాన్ని ఆహార శాఖకు మార్చారు. నిధులు ఆగితే పథకం ఆగుతుంది, కానీ పద్ధతికి నిధులతో పనిలేదు. ముప్పై ఇళ్ల తండాకు ఇంటికి నెలకు రెండు కిలోలు పక్కన పెడితే ఏడాదికి ఏడు క్వింటాళ్లు దాటుతాయి. కార్డు రాని ఇంటికి, వాన రోజులకు అది చాలు.

ఫోను పట్టడం, ఈకేవైసీ చేయడం పెద్దవాళ్లకు రాదు, మీకు వచ్చు. మీ పేటలో ఇళ్లెన్ని, మనుషులెంతమంది, కార్డులో ఉన్నదెంతమంది, ఈ మూడు అంకెలు ముందు రాయండి. తేడా వచ్చిన పేర్లతో సచివాలయానికి వెళ్లండి. అర్జీ ఇచ్చాక రసీదు తప్పకుండా తీసుకోండి. నోటి మాటగా వెనక్కి పంపిస్తే ఎందుకు పంపారో కాగితం మీద రాసివ్వమనండి. భోజనాల దగ్గర బల్ల మీద నోటుపుస్తకం పెట్టాం. పేటకొక పేజీ ఉంది. తిన్నాక కాదు, చేతులు కడుక్కునే ముందే రాయండి, తర్వాత జనం చెదిరిపోతారు.