కొత్త కెమెరా ఎందుకు కొన్నానంటే
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో, జీవనోపాధుల అంశంపై ఫోటోగ్రాఫర్ అయిన ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం)



నన్ను మాట్లాడమన్నప్పుడు ఏం చెప్పాలా అని ఆలోచించాను. పోయిన ఏడాది నేను కెమెరా కోసం రెండోసారి అప్పు అడిగినప్పుడు మన సంఘంలో ఒక అక్క, "ఉన్న కెమెరా పాడైందా? కొత్త మోజా?" అని అడిగింది. అడగాల్సిన మాటే అడిగింది. అది అందరి పొదుపు సొమ్ము కదా. ఆరోజు సంఘంలో చెప్పిన జవాబే ఈరోజు మీ అందరికీ చెబుతాను.

మొదటి అప్పుతో నేను కొన్నది సెకండ్ హ్యాండ్ కెమెరా, దానికో 50 ఎంఎం లెన్సు. ఆ చిన్న లెన్సుకి ఎపర్చర్ 1.8. అంటే దాని కన్ను బాగా పెద్దగా తెరుచుకుంటుంది. గుడ్డి వెలుతురున్న ఇంట్లో కూడా మొహం చక్కగా వస్తుంది. పని అంతా దానితోనే నేర్చుకున్నాను. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పెళ్లివాళ్లు కదలరు కాబట్టి షట్టర్ 1/125 చాలు. తలంబ్రాలు పోసుకునేటప్పుడు 1/500 పెట్టకపోతే గాల్లో బియ్యం గింజలు గీతల్లా వస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెడితే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, అదే మనిషిని వసారా అంచుకి జరిపితే మొహం కళకళలాడుతుంది. వీటికి డబ్బు అక్కర్లేదు, గమనిస్తే చాలు.

నాకు దెబ్బ తగిలింది ఇంకోచోట. రెండో ఏడాది ఒక పెళ్లిలో, మూడుముళ్లు పడ్డ కాసేపటికి కెమెరా ఆగిపోయి, కార్డు ఫార్మాట్ చేయమని అడిగింది. చుట్టూ జనం, భజంత్రీలు, ఆ పక్కన పంతులుగారి తొందర. భయంలో సరే అని నొక్కేశాను. మళ్లీ పనిచేసింది కదా అని అదే కార్డులో మిగతా పెళ్లంతా తీశాను. తర్వాత తెలిసింది, నేను చేసినవి రెండు తప్పులని. ఫార్మాట్ చేసినా పాత ఫోటోలు వెంటనే చెరిగిపోవు. సాఫ్ట్‌వేర్ పెట్టి చాలావరకు వెనక్కి తీయొచ్చు. కానీ ఆ కార్డులోనే కొత్తవి తీస్తే అవి పాతవాటి మీద పడతాయి. నాకు దొరికినవి కొన్నే. కన్యాదానం లేదు, జీలకర్ర బెల్లం లేదు, మూడుముళ్లు లేవు.

ఆ ఇంటికి వెళ్లి ఉన్నమాట చెప్పాను. తీసుకున్న డబ్బంతా తిరిగి ఇచ్చేశాను. పెళ్లికూతురి తల్లి నన్ను తిట్టలేదు. "డబ్బు ఇచ్చావు సరే, ముహూర్తం ఎవరిస్తారమ్మా?" అంది. ఆ మాట ఇప్పటికీ ప్రతి పెళ్లిలో నా చెవిలో ఉంటుంది.

కెమెరా అమ్మేద్దామనుకుని సంఘం మీటింగుకి వచ్చాను. మీరు అమ్మనివ్వలేదు. రెండు నెలల వాయిదాకి గడువిచ్చి తీర్మానం రాశారు. "పొయ్యి మీద పాలు పొంగాయని పొయ్యి అమ్ముకుంటామా?" అంది మా లీడరు.

అందుకే రెండో కెమెరా. ఇప్పుడొచ్చే మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలా సదుపాయాలున్నాయి. ఫోటో ఎంత వెలుతురుగా వస్తుందో నొక్కకముందే కనిపిస్తుంది. మనిషి కంటిని అదే వెతికి ఫోకస్ పట్టుకుంటుంది. అయితే బ్యాటరీ పాతవాటికంటే త్వరగా అయిపోతుంది, మూడు నాలుగు పెట్టుకోవాలి. చప్పుడు రాకుండా తీసే సైలెంట్ షట్టర్ ఉందని మురిసిపోయి ఒక మండపంలో వాడితే, ఎల్‌ఈడీ లైట్ల కింద ఫోటోల నిండా అడ్డగీతలు పడ్డాయి. మామూలు షట్టర్‌కి మార్చి, 1/100 పెడితే తగ్గాయి. ఇవన్నీ ఉన్నా, నేను ఆ కెమెరా కొన్నది ఒకే ఒక్క కారణానికి. అందులో కార్డులు రెండు పడతాయి. తీసిన ప్రతి ఫోటో రెండింట్లోనూ ఒకేసారి పడుతుంది. ఇంటికి రాగానే హార్డ్ డిస్కులో ఇంకో కాపీ వేశాకే అన్నం తింటాను. కస్టమర్ నాకు డబ్బిచ్చేది మంచి ఫోటో కోసం మాత్రమే కాదు, ఆ ఫోటో ఉంటుందన్న నమ్మకానికి.

ఈ పనిలోకి రావాలనుకునే చెల్లెళ్లకి ఇంకో రెండు మాటలు. మనకి రాబడి ముహూర్తాలను బట్టే. ఆషాఢం, మూఢం వచ్చాయంటే పెళ్లిళ్లు ఉండవు, వాయిదా మాత్రం ఆగదు. సీజన్లో వచ్చిన ప్రతి అడ్వాన్సులోంచి ఖాళీ నెలల వాయిదా ముందే పక్కన పెట్టండి. రాత్రి ముహూర్తం ఒప్పుకునేటప్పుడే, తిరిగి ఇంటికి బండి ఎవరు పెడతారో మాట్లాడుకోండి. సిగ్గుపడొద్దు, అది కూడా బేరంలో భాగమే.

ఆడవాళ్లకి ఇదేం పని అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 1892లోనే హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో పెట్టారు. పరదాలో ఉండే స్త్రీలను అక్కడ ఫోటో తీసింది ఆడమనిషే. మన దేశపు మొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ హోమై వ్యారవాలా తొలినాళ్ల ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆమెకి 2011లో పద్మవిభూషణ్ వచ్చింది. పని మనది అయినప్పుడు పేరు కూడా మనదే ఉండాలి. నా బిల్లు పుస్తకం మీద నా పేరే ఉంది.

చివరిగా, పచ్చళ్లు, చీరలు, పిండివంటలు అమ్మే అక్కలకి. మీకు కెమెరా అక్కర్లేదు, చేతిలో ఫోను చాలు. ముందు లెన్సుని మెత్తటి గుడ్డతో తుడవండి, మన చేతి నూనె దానికి అంటుకుని ఫోటో మసకబారుతుంది. ట్యూబులైటు ఆపేసి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన సీసా పెట్టండి. కిటికీకి ఎదురువైపు ఒక తెల్ల థర్మాకోల్ అట్ట నిలబెడితే నీడ తేలికవుతుంది. జూమ్ చేయకండి, మీరే దగ్గరికి జరగండి. ఎర్ర చీర అసలు రంగు రావాలంటే కింద తెల్లదుప్పటి పరవండి, రంగు దుప్పటి వద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపండి.

సమాఖ్య ఆఫీసులో వెనక గదికి మంచి కిటికీ ఉంది. అక్కడ ఒక బల్ల, తెల్ల గుడ్డ, రెండు అట్టలు పెట్టిస్తే, నెలకో శనివారం నేను వచ్చి మీ సరుకుల ఫోటోలు ఎలా తీయాలో పక్కనుండి చూపిస్తాను. దీనికి నాకేమీ ఇవ్వొద్దు. ఆ రెండు నెలల గడువుకి నేను కట్టుకుంటున్న వడ్డీ అనుకోండి.