ఉద్యానమునకు ఒక కథ

విహారస్థలములను మార్చవచ్చునా, మార్చినచో ఎంతవరకు మార్చవచ్చును అను వాదము నేడు మన విశాఖపట్టణమున తరచుగా వినవచ్చుచున్నది. కైలాసగిరి మీద క్రొత్త కట్టడము లేచినపుడును, రామకృష్ణా బీచి రోడ్డున క్రొత్త ప్రదర్శనము వెలసినపుడును, సాయంకాలము షికారుకు వచ్చిన పెద్దలు బల్లల మీద కూర్చుండి దానినే చర్చింతురు. ఊరికి కళ వచ్చినదని కొందరందురు. ఇట్టిది ఏ ఊరనైన కట్టవచ్చును, ఇందు మన విశాఖ ఎక్కడ నున్నదని మరికొందరు అడుగుదురు. ఈ రెండవ ప్రశ్నను గూర్చియే నేడు శ్రోతలతో కలసి ఆలోచింపదలచినాము.

థీమ్ పార్కు అను మాట ఇప్పుడు మనకును పరిచితమే. దానిని కథావనమని పిలుచుకొందము. తీర్థములో తిరుగు రంగులరాట్నమునకును కథావనమునకును ఒక భేదమున్నది. రంగులరాట్నము ఏ ఊర తిరిగినను ఒక్కటే. కథావనము ఒక కథను నమ్ముకొని నిలుచును. 1955 జూలై 17వ తేదీన కాలిఫోర్నియాలోని ఆనహైమ్ పట్టణమున వాల్ట్ డిస్నీ ప్రారంభించిన డిస్నీలాండు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. అందు మొదట ఐదు భాగములుండెను: పాతకాలపు చిన్న పట్టణపు వీధి, అడవులలోని సాహసము, అమెరికా పడమటి సరిహద్దు సీమ, పిల్లల అద్భుతలోకము, రేపటి ప్రపంచము. ఒక భాగమున అడుగు పెట్టినవానికి దీపస్తంభము, చెట్టు, వినవచ్చు పాట, పనివారి దుస్తులు అన్నియు ఆ భాగపు కథనే చెప్పవలెనని నియమము పెట్టుకొనిరి. అయినను ఆ వనము ఎన్నటికిని పూర్తి కాదని, మనుష్యులలో ఊహ మిగిలియున్నంతకాలము అది పెరుగుచునే యుండునని డిస్నీయే చెప్పెను. కావున మార్పు ఆ వనమునకు పుట్టుకతోనే వచ్చిన గుణము. తగవంతయు ఏ మార్పు తగినది, ఏది తగనిది అనుటయందే.

ఫ్లోరిడాలో 1982లో తెరచిన ఎప్‌కాట్ అను వనమున కొన్ని దేశములకు వేరువేరు మంటపములు కలవు. నార్వే మంటపము 1988లో ఏర్పడినది. అందు పడవ ఎక్కినవారు వైకింగు నావికులను, ఆ దేశపు జానపద కథలలోని భూతములను, ఉత్తర సముద్రమున చమురు తీయు వేదికను చూచుచు పోవుచుండిరి. 2014లో దానిని మూసివేసి, 2016లో అదే కాలువ మీద ఫ్రోజెన్ అను చలనచిత్రపు కథను పెట్టిరి. ఆ కథ జరుగు అరెండెల్ రాజ్యము ఏ భూగోళపటమునను కానరాదు. ఒక నిజమైన దేశపు ఇంటిలో లేని దేశమును కాపురము పెట్టించిరని పాత అభిమానులు బాధపడిరి. ఆ చిత్రమునకు నార్వే కొండలును కడలిపాయలును ఆధారములే కదా, పిల్లలు ఆ వంకతోనైన ఆ మంటపమునకు వత్తురు కదా అని రెండవ పక్షమువారు బదులు చెప్పిరి. ఆ ప్రాంతముననే 1971లో తెరచిన మేజిక్ కింగ్‌డమ్ అను వనమున ఆవిరిపడవ తిరుగుచుండిన ఒక కృత్రిమ నది కలదు. మోటారు కార్లు పాత్రలుగా నున్న మరియొక చలనచిత్రపు కథకు చోటు కల్పించుటకై 2025లో ఆ నదిని మూసివేసినపుడును ఇట్టి వాదమే చెలరేగినది.

కాలువ త్రవ్వి కట్టిన నదికై పెద్దవారు దుఃఖించుట చూచి మనము నవ్వరాదు. తండ్రి వ్రేలు పట్టుకొని చూచిన చోటును తన బిడ్డకు చూపవలెనను కోరిక ఎవరికైనను సహజమే. అంతకన్న లోతైన కారణము కూడ ఒకటి కలదు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని నిరూపించెను. మన పద్యనాటకమున శ్రీకృష్ణ పాత్రధారి చేతిగడియారముతో రంగస్థలము మీదికి వచ్చినాడనుకొనుడు. గడియారము మంచిదే కావచ్చును, కాలమును సరిగనే చూపవచ్చును. కాని అది కంటబడిన క్షణముననే ద్వారక మాయమై, ఎదుట చెక్కబల్లలును రంగుతెరలును మాత్రమే మిగులును. కథావనమున తగని మార్పు చేయు హాని ఇట్టిది.

ఇపుడు మన ఊరికి వత్తము. మన బీచి రోడ్డున టిక్కెట్టు కొని లోనికి పోవు గోడల కథావనము లేదు. అయినను ఒక కథావనము దానంతట అదే పెరిగినది. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన రేవు ఎదుట మునిగినది. అందులోనివారందరును సముద్రము పాలయిరి. ఆ యుద్ధ విజయమునకు గుర్తుగా 1996లో తీరమున స్మారకము నిర్మించిరి. 1969 డిసెంబరులో సోవియట్ దేశములోని రీగా రేవున మన నౌకాదళమున చేరిన కుర్సురా జలాంతర్గామి, 31 సంవత్సరములు సేవచేసి, 2001 ఫిబ్రవరిలో విరమించినది. దానిని ఒడ్డునకు లాగి నిలిపి 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరచిరి. 2017 మార్చిలో విరమించిన టీయూ-142 విమానమును అదే సంవత్సరము డిసెంబరులో రోడ్డునకు ఆవలి ప్రక్కన నిలిపిరి. అది ప్రమాదము లేక ఎగిరిన విమానము. సముద్రము మీద ఎగురుచు నీటి అడుగున దాగిన జలాంతర్గాములను వెదకుటయే దాని పని. ఇపుడు వేటాడునదియు వేటాడబడునదియు ఒకే రోడ్డునకు ఇరువైపుల ఎదురెదురుగా నిలిచియున్నవి. సముద్రమును కాచినవారి కథను ఇంతకంటె చక్కగా చెప్పు వీధి మరియొకటి చూపుట కష్టము.

కుర్సురా పొడవు 91 మీటర్లకు పైగా నున్నను లోపల ఇరువురు ఎదురుపడినచో ఒకరు ఒదిగి నిలువవలెను. అందు సుమారు 75 మంది దినముల తరబడి బ్రదికిరి. ఈ సంగతి ఇనుము తనకు తాను చెప్పదు. నౌకాదళమున పనిచేసి విరమించినవారు అచట మార్గదర్శకులై, ఎచట నిద్రించిరో, ఎచట వండుకొనిరో, టార్పెడోలను ఎచట నింపిరో చూపుచు చెప్పుటచేతనే ఆ గొట్టము ఒక ఇల్లుగా మారుచున్నది. మార్పును గూర్చిన వాదములలో ఈ విషయమును మనము మరచుచున్నాము. స్థలమునకు గల కథ సగము వస్తువులో నుండును. మిగిలిన సగము చెప్పువారి నోట నుండును.

కైలాసగిరి సంగతి చూతము. సముద్రమట్టమునకు 173 మీటర్ల ఎత్తున నున్న ఆ కొండ మీదికి రోప్‌వే కలదు, చుట్టివచ్చుటకు చిన్న రైలు కలదు, తెల్లని శివపార్వతుల విగ్రహములు కలవు. అదే కొండ మీద శంఖచక్రనామములు కూడ కలవు. శివుని కొండ మీద విష్ణుచిహ్నము లేల అని తెలుగువాడెవడును అడుగడు. హరిహరనాథుని కొలిచిన జాతికి అది విరోధముగా తోచదు. కాని అచ్చట ఒక చూపుతావునకు టైటానిక్ పేరు పెట్టిరి. ఓడ ముందుభాగమున నిలిచినట్లు అచ్చటినుండి సముద్రము కనబడును గనుక, 1997 నాటి చలనచిత్రమును తలచి ఆ పేరు పెట్టియుందురు. ఉత్తర అట్లాంటిక్‌లో మునిగిన ఓడ పేరు మన కొండకు తగునా? 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ నీటిలోనికి విడిచిన జలఉష ఈ ఊర పుట్టినది. స్వతంత్ర భారతమున నిర్మాణమై జలప్రవేశము చేసిన మొదటి పెద్ద ఆవిరి ఓడ అది. ఆ తావునకు జలఉష అను పేరు పెట్టినచో ఒక పలక వ్రాయించు ఖర్చు తప్ప మరియేమియు కాదు. తండ్రి బిడ్డకు చెప్పుటకు ఒక కథ మాత్రము దొరకును.

2025లో ఆ కొండకు గాజు వంతెన కూడ అమరినది. దాని మీద నిలిచినవాడు తల ఎత్తి సముద్రమును, దక్షిణమున డాల్ఫిన్ నోస్ కొండను చూచినచో, ఆ వంతెన కైలాసగిరికి సేవ చేసినట్లే. కాలి క్రింది గాజును చూచి కేకలు వేసి దిగిపోయినచో ఆ వంతెన ఎచట నున్నను ఒక్కటే. చుట్టును ఏమున్నదో చెప్పు పలకలు ఉంచుట, చెప్పు మనిషిని నియమించుట అను చిన్న పనులే ఈ రెంటిలో ఏది జరుగునో నిర్ణయించును.

మార్పును కోరువారి మాటను కూడ న్యాయముగా వినవలెను. ఉద్యానమును నిలుపుటకు ధనము కావలెను. ఉప్పుగాలి ఇనుమును తినుచుండును. చూడవచ్చువారు తగ్గినచో రంగు వేయుటకైనను డబ్బు రాదు. పిల్లలు ఎల్లప్పుడు క్రొత్తదానినే కోరుదురు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినపుడు కైలాసగిరి మీది చెట్లు నేలకూలినవి. ఎవరు కోరకయే మార్పు వచ్చిపడినది. తిరిగి నిలుపునపుడు నిన్నటివలెనే యుండవలెనని పట్టుపట్టుట అసాధ్యము. కాని ఆ తుపాను మరునాడు ఊరివారు మొదట దుఃఖించినది కూలిన చెట్లకై అని మరువరాదు. ఏది పోయినచో జనులు దుఃఖింతురో అదియే ఆ చోటికి ప్రాణము.

రేడియోవారికి ఇందొక అనుభవము కలదు. ఆకాశవాణి ప్రసారములకు ముందు వినవచ్చు సంకేత సంగీతమును 1930ల దశకమున వాల్టర్ కాఫ్‌మన్ కూర్చెను. నాటినుండి కార్యక్రమములెన్నియో పుట్టినవి, ఆగినవి, వేళలు మారినవి. ఆ సంగీతము నిలిచినది గనుకనే మిగిలిన మార్పులను శ్రోతలు ఓర్చుకొనిరి. ఉద్యానములకును ఇదే చెల్లును. పథకము గీయుటకు ముందు, మార్చరానిది ఏదియో ఒక కాగితము మీద వ్రాసికొనవలెను. బీచి రోడ్డునకు అది సముద్రమును కాచినవారి కథ. కైలాసగిరికి అది ఎత్తునుండి కనబడు కడలియు చెట్ల నీడయు. తొట్లకొండకు, 1988 మొదలు 1993 వరకు జరిగిన త్రవ్వకములలో బయటపడిన బౌద్ధవిహారము. రాతిలో తొలిచిన తొట్లనుబట్టియే దానికా పేరు వచ్చినది. అచ్చట మార్చరానిది మౌనము. ఇది నిర్ణయమైన పిమ్మట మిగిలినవాటిని కాలమునుబట్టి మార్చుకొనవచ్చును.

వీటన్నిటికంటె తొందరపడి చేయవలసిన పని ఒకటి కలదు. కుర్సురాను ఎరిగిన నావికులు వృద్ధులగుచున్నారు. ఇనుమునకు తుప్పు పట్టినచో మరల రంగు వేయవచ్చును. నీటి అడుగున వారు గడపిన రాత్రులను వారు తప్ప మరియొకరు చెప్పలేరు. మీ ఇంట గాని, మీ వీధిలో గాని అట్టివారున్నచో వారిని కూర్చుండబెట్టి అడుగుడు, వినుడు, వ్రాసికొనుడు, చేతిలోని ఫోనులోనైనను వారి గొంతును భద్రపరచుడు. రేపు ఆ రోడ్డున ఏది కట్టినను, ఏది తొలగించినను, చెప్పుటకు మన చేత కథ ఉండవలెను.