షోళింగనల్లూరు గ్రంథాలయంలో ఉత్తరాల క్లాసు



సామాజిక గ్రంథాలయంలో లేఖారచన కార్యశాల ఎలా నడిపామో చెప్పమన్నారు. మా కరపత్రంలో ‘సృజనాత్మక లేఖారచన’ అని వేశాం. వచ్చినవాళ్లు దాన్ని ‘ఉత్తరాల క్లాసు’ అన్నారు. ఇప్పుడు మేమూ అదే అంటున్నాం.

షోళింగనల్లూరు మీలో చాలామంది చూసిందే. ఓఎంఆర్ రోడ్డు మీద ఐటీ కంపెనీల అద్దాల భవనాలు కనిపిస్తాయి. కాస్త లోపలికి పోతే సెమ్మంచేరి, పెరుంబాక్కం వస్తాయి. నగరం మధ్యలో కాలవ గట్ల మీద, నదుల ఒడ్డున బతికిన పేదల్ని తెచ్చి ఉంచిన కాలనీలవి. 2015 వరదల తర్వాత పెరుంబాక్కానికి ఇంకా చాలా కుటుంబాలను తరలించారు. తరాలుగా చెన్నై వీధులు ఊడుస్తూ వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఉన్నాయి. భవనాల పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కూలీలున్నారు. అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికి పోయే నెల్లూరు ఆడవాళ్లున్నారు. ఆ అపార్ట్‌మెంట్లలోనే ఉండే తెలుగు ఇంజనీర్లూ ఉన్నారు. అందరిదీ తెలుగే, కానీ ఒకరి గడపలో ఒకరు కూర్చోరు. గ్రంథాలయంలో మాత్రం ఒకే చాప మీద కూర్చున్నారు. మా దృష్టిలో సగం పని అక్కడే అయింది.

మొదటి ఆదివారం పద్నాలుగు మంది వచ్చారు. కొందరికి అక్షరం రాదు. కొందరికి వచ్చుగానీ, పెళ్లయ్యాక మళ్లీ కలం పట్టలేదు. పిల్లల సంగతి వేరు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, రాయమంటే తమిళంలోనో ఇంగ్లీషులోనో రాస్తారు. 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చాక బడిలో తమిళం తప్పనిసరైంది. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఉంటున్న నేల భాష అది. తెలుగు నేర్పే చోటు లేకపోవడమే కష్టం.

“ఫోనుండగా ఉత్తరమెందుకండీ?” అని మొదటి పది నిమిషాల్లోనే అడిగారు. మేం జవాబు చెప్పకముందే సెంట్రింగు పనిచేసే ఒక తమ్ముడు అందుకున్నాడు. “ఫోన్లో అమ్మ గొంతు వింటే నిజం చెప్పలేనండి. అంతా బాగుందనేస్తాను.” ఆ మాట తర్వాత ఇంకెవరూ ఆ ప్రశ్న వేయలేదు.

పోస్టాఫీసు నుంచి ఇన్‌లాండ్ లెటర్లు, యాభై పైసల పోస్టుకార్డులు తెచ్చాం. ఇన్‌లాండ్ లెటర్ రెండున్నర రూపాయలు. దాంట్లో ఏమీ పెట్టకూడదు, ఉన్న చోటులోనే ముగించాలి. కొత్తగా రాసేవాళ్లకు ఆ హద్దు మేలు చేస్తుంది. తెల్లకాగితం ఇస్తే భయపడతారు.

“మేము ఇక్కడ క్షేమం, మీరు అక్కడ క్షేమమని తలుస్తాము” అని మొదలుపెట్టడం అందరికీ వచ్చు. ఇలాంటి క్లాసులు నడిపేవాళ్లు కొందరు దాన్ని పాతచింతకాయ పచ్చడి అని కొట్టేయిస్తారు. మేం కొట్టేయించం. అది గుమ్మం లాంటిది, దాటితేనే లోపలికి పోతాం. ఆ తర్వాతి వాక్యం మాత్రం కంటితో చూసిందో, చేత్తో తాకిందో అయ్యుండాలన్నాం. ఇవాళ పొద్దున ఏం తిన్నారు? మీరు పడుకునే చోట తల ఏ వైపు పెడతారు? ఆ సెంట్రింగు తమ్ముడు తాను కడుతున్న పదమూడో అంతస్తు నుంచి సముద్రం కనిపిస్తుందని రాశాడు. కింద కాపలావాడు తనను ముందు గేటులోంచి రానివ్వడని ఆ పక్క వాక్యంలో రాశాడు. సృజన గురించి మేం అంతకంటే ఏమీ నేర్పలేదు.

చిక్కు లిపి దగ్గర వచ్చింది. ఒక నాయనమ్మ చెబుతుంటే ఆరో తరగతి మనవడు రాస్తున్నాడు. మాట తెలుగు, అక్షరం తమిళం. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. త, ద లకూ అంతే, ప, బ లకూ అంతే. ‘పాలు’ అని రాసినా ‘బాలు’ అని రాసినా కంటికి ఒకటే. ఊళ్లో ఉన్న చెల్లెలికి తమిళ లిపి రాదు గనుక దాన్ని తెలుగులోకి ఎత్తి రాయాలి. ఎత్తి రాసినతను ‘కాలి నొప్పి’ని ‘గాలి నొప్పి’ చేశాడు. పైకి చదివి వినిపించగానే నాయనమ్మ పట్టేసింది. అక్కణ్ణుంచి ఒక నియమం పెట్టుకున్నాం: ఎవరి ఉత్తరం వాళ్లకు రెండుసార్లు చదివి వినిపించాకే అంటించాలి. పిల్లవాడు తమిళ లిపిలో రాయడాన్ని మేం ఆపలేదు. నాయనమ్మ మాటను చెవిన పెట్టి కాగితం మీదికి తెచ్చాడు, అది చిన్న పని కాదు.

ఇంకొకరి కోసం రాయడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. చదువుకున్నవాళ్లం చేయి పెడితే భాష మారిపోతుంది. జీతంలో డబ్బు కోసిన సంగతి ఒక అక్క తన అన్నకు చెబుతోంది.

“అక్కా, ‘మినహాయించారు’ అని రాయనా?”

“అదేంటి నాయనా? పట్టుకున్నారు అన్నాను గదా.”

‘పట్టుకున్నారు’ అనే రాశాడు ఆ కుర్రాడు. ‘మినహాయించారు’ అంటే లెక్కల పుస్తకంలో జరిగిన పని. ‘పట్టుకున్నారు’లో ఒక చెయ్యి కనిపిస్తుంది. రోమీయులకు రాసిన పత్రిక పదహారో అధ్యాయంలో తెర్తియు గుర్తున్నాడు కదా? పౌలు చెబుతుంటే రాసినవాడు. అంత పెద్ద పత్రికలో తన పేరుతో ఒక్క వందనం మాత్రం పెట్టుకున్నాడు. మా కుర్రాళ్లకు మేం చూపించిన కొలత అదే. చివర్లో “ఈ ఉత్తరం రాసిపెట్టింది ఫలానా” అని ఒక్క వాక్యం, అంతవరకే.

మూడో వారానికి ఊరి ఉత్తరాలు అయ్యాయి, అర్జీల మాట వచ్చింది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, తన కష్టం తీర్చమని ఏ అధికారికైనా, దేశంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. కాబట్టి తెలుగులో అర్జీ పెట్టొచ్చు. అయితే బల్ల వెనక కూర్చున్నాయన చదవగలగాలి కదా, అందుకని తమిళ అనువాదం జత చేయించాం. సమాచార హక్కు దరఖాస్తు వేరు. దాన్ని ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ ఆ ప్రాంత అధికార భాషలోగానీ పెట్టాలి. రాయలేని మనిషి నోటితో చెబితే కాగితం మీద పెట్టడానికి సాయపడాల్సిన బాధ్యత ఆ అధికారిదేనని 2005 చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. ఇది విని ఒకావిడ “మాకు వాళ్లు రాసిపెట్టాలా!” అని చాలాసేపు నవ్వింది.

నీళ్ల లారీ గురించి ఒక అర్జీ రాశాం. ‘నీటి సరఫరా సక్రమంగా లేదు’ అని ఒక ఇంజనీరు తమ్ముడు మొదలుపెడితే, ఆ వీధి ఆడవాళ్లు వద్దన్నారు. లారీ రాత్రి ఏ వేళకు వస్తుందో, తెల్లారి ఎన్నింటికి పనికి పోవాలో, మెట్ల మీద బిందె ఎవరు మోస్తారో రాయమన్నారు. అలాగే రాశాం. తేదీ, ఇంటి నంబరు, అడుగుతున్నదేమిటి, ఎప్పటిలోగా కావాలి, ఇవన్నీ ఉన్నాయి. నకలు మీద ముద్ర వేయించుకుని రావాలని గట్టిగా చెప్పాం.

ఉత్తరంతో పనవుతుందా అని సందేహపడేవాళ్లకు సునీల్ బాత్రా కేసు చెప్పాం. తీహార్ జైల్లో మరణశిక్ష పడిన ఖైదీ ఆయన. తోటి ఖైదీని వార్డరు హింసించాడని సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకుని 1979లో తీర్పు ఇచ్చింది. ఆయన రాసింది తన శిక్ష గురించి కాదు, పక్కవాడి దెబ్బల గురించి. క్లాసులో ఈ కథ విన్నాక, తన ఉత్తరం పక్కన పెట్టి పక్కింటి పింఛను గురించి రాయించుకున్న ముసలాయన ఒకరున్నారు.

ఊరికి పోయిన ఉత్తరాల్లో ఐదింటికి జవాబులొచ్చాయి. ఒకటి చిరునామాదారు లేరని తిరిగొచ్చింది. నీళ్ల అర్జీకి నలభై రోజులైనా జవాబు లేదు. దాని మీద ఏం చర్య తీసుకున్నారని అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు తమిళంలో తయారవుతోంది. పది రూపాయల ఫీజు వీధివాళ్లే వేసుకున్నారు.

వచ్చే విడత నుంచి తెలుగు, తమిళం రెండు లిపులూ చదవగలిగినవాళ్లు కనీసం ఇద్దరు కావాలి. ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం రెండు గంటలు చాలు. మీలో ఎవరైనా ఉంటే టీ విరామంలో మాతో మాట్లాడండి. ఇంట్లో వాడని ఇన్‌లాండ్ లెటర్లు పడి ఉంటే అవి కూడా తీసుకురండి.