వంద రూపాయల కాగితం మీద విడాకులు

కుటుంబ కోర్టుల గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. అవి తర్వాత. ముందు ఆ వంద రూపాయల స్టాంపు కాగితం సంగతి తేల్చాలి.

నవ్వుతున్నారు. మీలో కొందరి బీరువాల్లో అది ఉందని నాకు తెలుసు! పెద్దమనుషులు కూర్చుంటారు. కట్నకానుకలు లెక్కగడతారు. దస్తూరీ బాగున్నవాడొకడు 'ఇకపై ఒకరితో ఒకరికి సంబంధం లేదు' అని రాస్తాడు. నోటరీ ముద్ర పడుతుంది. ఆ ధీమాతో అబ్బాయి మళ్లీ పెళ్లి చేసుకుంటాడు. మొదటి భార్య కేసు పెట్టాక నా దగ్గరికొచ్చి, "నోటరీ చేయించాం కదమ్మా" అంటాడు. నోటరీ విడాకులివ్వలేడు బాబూ! మొదటి పెళ్లి చట్టం దృష్టిలో బతికే ఉంది. రెండోది చెల్లదు, పైగా నేరం.

అలాగని చట్టం ఆచారాన్ని కొట్టిపారేయలేదు. 1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారపు విడాకుల్ని అలాగే ఉంచింది. కాకపోతే ఆ ఆచారం మీ కులంలో ఎప్పట్నుంచో నడుస్తోందని సాక్ష్యంతో రుజువు చేయాలి. మేనమామ మేనకోడలి పెళ్లి నిలబడేదీ ఆచారం మీదే. ఇక గిరిజనులకు, కేంద్రం నోటిఫై చేస్తే తప్ప, ఈ చట్టమే వర్తించదు. ఏజెన్సీ నుంచి కోయ దంపతులొస్తే పాత పిటిషన్‌లో పేర్లు మార్చి దాఖలు చేసే వకీళ్లున్నారు. మావాళ్లే, ఏం చేస్తాం! 'మీవాళ్లలో పెళ్లి ఎలా చేస్తారు, విడిపోతే ఏం చేస్తారు' అని ఒక్క ప్రశ్న అడగరు.

అడగడమంటే గుర్తొచ్చింది. అమ్మాయి వెంట తండ్రి, మేనమామ, అన్న వస్తారు. ఆమె తప్ప అందరూ మాట్లాడతారు. టీ తాగి రమ్మని వాళ్లను బయటికి పంపుతాను. ఒకమ్మాయి అప్పుడు నోరు విప్పింది: "విడాకుల సంగతి తర్వాత మేడం. నా డిగ్రీ సర్టిఫికెట్లు ఆ ఇంట్లో ఉండిపోయాయి. అవి ఇప్పించండి, ఉద్యోగం చూసుకుంటా." తండ్రి రాయించుకొచ్చిన కాగితాల్లో సర్టిఫికెట్ల ఊసే లేదు.

టైమైందని సైగ చేస్తున్నారు. మీరు పంపిన ప్రశ్నల చీటీలు చూస్తాను. అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లుతుందా? అన్నిసార్లూ చెల్లదు. తిరుపతిలో పెళ్లాడిన ఒకాయన మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుంటే, 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. భార్య ఆ కోర్టుకు లోబడలేదు, ఆయన చూపిన కారణం మన చట్టంలోనూ లేదు. ఏడేళ్లు విడిగా ఉంటే వాటంతటవే విడాకులా? కాదు. ఇద్దరూ ఒప్పుకుంటే? ఏడాది విడిగా ఉన్నాక హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పిటిషన్ వేయొచ్చు. ఆ తర్వాతి ఆరు నెలల గడువును తగిన కేసుల్లో మినహాయించవచ్చని 2017లో తీర్పొచ్చింది. మగవాడు భరణం అడగొచ్చా? సంపాదన లేకపోతే హిందూ వివాహ చట్టం కింద అడగొచ్చు. ఎవరండీ ఆ చప్పట్లు?